ధ్రువ సముద్రాల్లో కొలతలు పెంచాలంటే ఓడలు ఎక్కువ పంపితే చాలదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2023లో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు రికార్డు స్థాయికి పడిపోయిందని, ఎందుకో తేల్చడానికి సముద్రం లోపలి డేటా సరిపోవడం లేదని చదివారు. పైన ఉపగ్రహాలు తిరుగుతున్నాయి, నీళ్లలో మునుగుతూ తేలుతూ తమంతట తామే కొలిచే వేల ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయి, అయినా డేటా లేదంటారేంటి? నాలుగు ఓడలు ఎక్కువ పంపితే తీరిపోదా? ఇందులో మనవాళ్లు చేస్తున్నదేమైనా ఉందా?

తీరదు. ఓడలు అక్కడికి వెళ్లేది అక్కడి ఎండాకాలంలో, అంటే మన క్యాలెండర్‌లో డిసెంబర్ నుంచి మార్చి దాకా. మనకి డేటా లేనిది అక్కడి చలికాలంలో, అదీ మంచు కింద. ఓడల సంఖ్య రెట్టింపు చేసినా జనవరి డేటా రెట్టింపవుతుంది తప్ప ఆగస్టు డేటా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కాబట్టి ఓడ తిరిగొచ్చాక కూడా అక్కడే ఉండిపోయి కొలిచే పరికరాలు పెరగాలి. అలాగని ఓడలు అక్కర్లేదా అంటే, వాటిని దింపేదీ ఓడే, అవి చెప్పేది నిజమో కాదో సరిచూసేదీ ఓడే. ఈ రెండో సంగతి బయట పెద్దగా ఎవరూ చెప్పరు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నా సంగతి ఒక ముక్క. సీటీడీ టెక్నీషియన్‌గా మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. సీటీడీ అంటే నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం. అంటార్కిటికా చుట్టూ ఉండే దక్షిణ మహాసముద్రానికి మూడుసార్లు వెళ్లాను. ఇప్పుడు ఒడ్డున కూర్చుని ఫ్లోట్లు పంపే డేటాలో తప్పొప్పులు చూస్తుంటాను. మూడుసార్లూ 40 డిగ్రీల అక్షాంశం దాటగానే అలల కుదుపుకి రెండు రోజులు పడక దిగలేదు. అనుభవజ్ఞుడు అనగానే గొప్పగా ఊహించుకోకండి.

ఉపగ్రహాలు ఉండగా ఏం లోటు?

మంచు ఎంత మేర పరుచుకుందో ఉపగ్రహాలు చక్కగా చెబుతాయి. మైక్రోవేవ్ సెన్సర్లకి చీకటీ మబ్బూ అడ్డం కావు కాబట్టి 1978 చివరి నుంచి దాదాపు ప్రతిరోజూ లెక్క ఉంది. ఫిబ్రవరిలో సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండే మంచు సెప్టెంబర్ కల్లా మామూలుగా 1.8 కోట్లు దాటుతుంది. ఏటా నాలుగు భారతదేశాలకు పైగా మంచు పుట్టి కరిగిపోతుందన్నమాట. 2023 సెప్టెంబర్‌లో అది 1.7 కోట్లు కూడా అందుకోలేదు. ఇదంతా పైనుంచి కనబడింది. కానీ కింద నీటిలో ఏం మారితే పైన మంచు తగ్గిందన్నది పైనుంచి కనబడదు.

ఇంకో చిక్కు ఉంది. మన బంగాళాఖాతంలో నీరు బరువా తేలికా అన్నదాంట్లో ఉష్ణోగ్రతకీ ఉప్పుకీ రెండింటికీ పాత్ర ఉంటుంది. ధ్రువాల దగ్గర నీరు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ పెత్తనమంతా ఉప్పుదే. ఏ నీరు మునగాలి, ఏది తేలాలి, లోపలి వెచ్చటి నీరు పైకొచ్చి మంచుని తాకుతుందా లేదా, అన్నీ ఉప్పు నిర్ణయిస్తుంది. ఉప్పదనం చూసే ఉపగ్రహాలు ఉన్నాయి గానీ చల్లటి నీటి మీద వాటి చూపు మందగిస్తుంది. ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ పనికొస్తాయి.

ఆర్గో ఫ్లోట్లు అక్కడ ఎందుకు తడబడ్డాయి?

ప్రపంచం మొత్తం మీద దాదాపు 4000 ఫ్లోట్లు పనిచేస్తున్నాయి. ఒక్కోటీ మనిషి ఎత్తుకి కాస్త అటూఇటూ ఉండే గొట్టం, ఇరవై ముప్పై కిలోల బరువు. లోపల నూనె ఉంటుంది. ఆ నూనెని అడుగున ఉన్న రబ్బరు తిత్తిలోకి పంపిస్తే ఫ్లోట్ ఉబ్బి పైకి లేస్తుంది, వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. పక్కకి నడిపే మోటారు, రెక్క ఏమీ ఉండవు. వెయ్యి మీటర్ల లోతులో తొమ్మిది రోజులు ప్రవాహంతో కొట్టుకుపోతూ ఉండి, పదో రోజు రెండు వేల మీటర్లకి దిగి, అక్కణ్నుంచి కొలుస్తూ పైకొచ్చి, ఉపగ్రహానికి డేటా ఇచ్చి మళ్లీ మునుగుతుంది.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది: పైకొచ్చినప్పుడు పైన ఆకాశం ఉండాలి. మంచు ఉంటే? మొదట్లో ఫ్లోట్లు కిందనుంచి వచ్చి మంచుకి గుద్దుకునేవి, యాంటెన్నా విరిగితే అంతే సంగతులు. దీనికి జర్మన్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాని ఆనుకున్న వెడ్డెల్ సముద్రం కోసం ఒక ఉపాయం కనిపెట్టారు, 2007లో దాన్ని ప్రచురించారు. ఫ్లోట్ పైకొస్తూ 50 మీటర్ల నుంచి 20 మీటర్ల దాకా ఉన్న నీటి ఉష్ణోగ్రత చూసుకుంటుంది. వాటి మధ్యస్థ విలువ మైనస్ 1.79 డిగ్రీల కన్నా తక్కువుంటే పైన మంచు ఉన్నట్టే లెక్క. వెంటనే వెనక్కి తిరిగి, కొలిచింది కడుపులో దాచుకుని, మళ్లీ పదిరోజులకి ప్రయత్నిస్తుంది. చలికాలమంతా ఇలా దాచుకున్నదంతా వసంతంలో నీరు తెరుచుకున్నాక ఒక్కసారిగా పంపుతుంది. ఇంటి తలుపు కొట్టే ముందు కిటికీలోంచి లైటు వెలుగుతోందా అని చూసుకున్నట్టు. ఎంత చిన్న ఆలోచన! కానీ అంటార్కిటిక్ చలికాలపు డేటా మొదటిసారి వరసగా రావడానికి ఇదే దారి తీసింది.

మేం వదిలిన వాటిలో ఒక ఫ్లోట్ ఏప్రిల్ చివర్లో మాట ఆపేసింది. మే, జూన్, జులై, ఏమీ లేదు. సెప్టెంబర్ కల్లా దాన్ని పోయినవాటి పట్టికలో రాసేశాం. నవంబర్ చివర ఒక ఉదయం కాఫీ పట్టుకుని వచ్చి స్క్రీన్ తెరిస్తే దాని నంబర్ మీద వరసగా ఇరవై ప్రొఫైళ్లు (కింద నుంచి పైదాకా ఒకసారి కొలిచిన వరసే ఒక ప్రొఫైల్). ఆ రోజు ఆఫీసులో నేనే స్వీట్లు పంచాను.

దీనికీ ఒక లోటుంది. మంచు కింద ఉన్నన్నాళ్లూ జీపీఎస్ అందదు కాబట్టి ఆ ఇరవై కొలతలూ సరిగ్గా ఎక్కడివో తెలియదు. మునిగిన చోటుకీ తేలిన చోటుకీ మధ్య గీత గీసి అంచనా కడతాం. వెడ్డెల్ సముద్రంలో నీటి లోపల శబ్దం చేసే పరికరాలు పెట్టి, ఆ శబ్దం ఎంత సేపటికి అందిందో చూసి చోటు లెక్కగట్టే పద్ధతి ఉంది. అన్నిచోట్లా అది లేదు.

ఆస్ట్రేలియా వాళ్ల ఫ్లోట్ ఒకటి ఈ లోటునే లాభంగా మార్చింది. టాటెన్ హిమానీనదం దగ్గర కొలవమని వదిలితే అది ప్రవాహంలో పడి పడమరకి కొట్టుకుపోయి, డెన్మన్, షాకిల్టన్ అనే మంచు అరల (ఖండం మీది మంచు సముద్రం మీదకి చాచుకుని తేలే మందపాటి పలకల) కిందకి దూరింది. దూరిందంటే బయటికి రావడం కల్ల అనుకోవాలి. ఎనిమిది నెలలు ఆ కిందే ఉంది. పైకొచ్చిన ప్రతిసారీ మంచు కప్పుకి తల కొట్టుకుని మళ్లీ దిగింది. తర్వాత బయటపడి డేటా అంతా ఇచ్చింది. శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, అది తల కొట్టుకున్న లోతుని ఉపగ్రహాలు చెప్పిన మంచు మందంతో పోల్చి, ఏ రోజు ఎక్కడుందో పట్టుకున్నారు. తూర్పు అంటార్కిటికాలో మంచు అర కింద ఇలా వరసగా కొలవడం అదే మొదలు. డెన్మన్ కింద వెచ్చటి నీరు చేరుతోందని తేలింది. ఆ ఒక్క హిమానీనదంలో ప్రపంచ సముద్రమట్టాన్ని సుమారు 1.5 మీటర్లు పెంచగల మంచు ఉంది. ఇదంతా ప్లాన్ ప్రకారం జరిగింది కాదు, దారి తప్పిన ఫ్లోట్ పుణ్యం. మా ఫీల్డ్‌లో ఇలాంటివి ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు.

సీల్స్ సంగతి కూడా చెప్పాలి

మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. దక్షిణాది ఎలిఫెంట్ సీల్ ఏటా ఒకసారి ఒడ్డుకొచ్చి పాత బొచ్చు రాలుస్తుంది. కొత్త బొచ్చు వచ్చాక మత్తుమందు ఇచ్చి, తల మీద బొచ్చుకి అరకిలోకి అటూఇటూ ఉండే చిన్న సీటీడీని జిగురుతో అంటిస్తారు. ఫ్రెంచ్ వాళ్ల కెర్గెలెన్ దీవుల్లో ఇది ఏళ్ల తరబడి నడుస్తోంది. ఆ తర్వాత ఆ జంతువు తిండి కోసం నెలల పాటు సముద్రంలో తిరుగుతుంది. నాలుగైదు వందల మీటర్లు మునగడం దానికి రోజూ పనే, రెండు వేల మీటర్లు దాటి మునిగినవీ ఉన్నాయి. చలికాలంలో మంచు మధ్య పగుళ్లలో ఊపిరి తీసుకుంటూ, ఏ ఓడా వెళ్లలేని ఖండపు అంచుల్లో తిరుగుతుంది. పైకొచ్చిన కొద్దిసేపట్లోనే ఉపగ్రహానికి సందేశం పోవాలి కాబట్టి మొత్తం ప్రొఫైల్‌ని ఓ ఇరవై పాయింట్లకి కుదించి పంపుతుంది. మరుసటి ఏడు బొచ్చు రాలినప్పుడు పరికరమూ రాలిపోతుంది.

ఈ డేటా విలువ ఏంటో తెలియాలంటే కేప్ డార్న్లీ గురించి వినండి. అక్కడ తీరపు గాలులు మంచుని ఎప్పటికప్పుడు సముద్రంలోకి నెట్టేస్తుంటే, తెరుచుకున్న నీటి మీద కొత్త మంచు పుడుతూనే ఉంటుంది. మంచు పుట్టినప్పుడు తనలోని ఉప్పుని కింది నీటిలోకి విడిచిపెడుతుంది, ఆ చిక్కటి చల్లటి నీరు బరువెక్కి అడుగుకి జారుతుంది. ప్రపంచ సముద్రాల అడుగున పరుచుకున్న నీటిలో పెద్ద వాటా ఇలా అంటార్కిటికా అంచుల్లో పుట్టిందే. అలాంటి చోట్లు ముఖ్యంగా మూడని అనుకునేవాళ్లు. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు అడుగున లంగరేసిన పరికరాల డేటానీ సీల్స్ తెచ్చిన డేటానీ కలిపి కేప్ డార్న్లీ నాలుగోదని చూపించారు. అది ప్రిడ్జ్ బేకి కాస్త పడమరన ఉంది. మన భారతి స్టేషన్ ఉన్నది ప్రిడ్జ్ బే ఒడ్డునే, లార్సెమన్ కొండల్లో.

ఓడ ఎందుకు తప్పదో ఇప్పుడు చెప్తాను

ఫ్లోట్ దింపడం చూడ్డానికి తాడు కట్టి నీళ్లలో వదలడమే. చేతిలో మాగ్నెట్ పట్టుకుని దాన్ని నిద్ర లేపాలి, తిత్తి ఉబ్బిందో లేదో చూడాలి, సెన్సర్ రంధ్రాలకి దుమ్ము పడకుండా పెట్టిన చిన్న బిరడాలు తీయాలి, ఓడ మెల్లగా ముందుకి పోతుండగా వెనకనుంచి దించాలి. నా రెండో ట్రిప్‌లో తెల్లవారుజాము మూడింటికి, ఐదు మీటర్ల అలల్లో, నేనూ ఇంకో కుర్రాడూ ఒకటి దించబోతున్నాం. తాడు జారవిడిచే ముందు వాడు "సార్, అవి తీయాలా?" అన్నాడు. బిరడాలు! ఉన్నచోటే ఉన్నాయి. అలాగే వదిలేసుంటే ఆ ఫ్లోట్ నాలుగైదేళ్ల పాటు పదిరోజులకోసారి క్రమం తప్పకుండా చెత్త పంపుతూ ఉండేది. అప్పట్నుంచి తీసిన బిరడాలు జేబులో వేసుకుని, డెక్ దిగాక లాగ్‌బుక్ పక్కన పెట్టి లెక్కపెట్టడం మా టీమ్‌లో అలవాటైంది.

ఇంకోసారి, ఇంకో ఓడలో, సీటీడీ పైకి తీశాక హ్యాంగర్ తలుపు మూయలేదు. బయట మైనస్ 12. వాహకత (నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నది, ఉప్పదనం లెక్కగట్టేది దీన్నుంచే) కొలిచే గాజు గొట్టంలో మిగిలిన కాస్త నీరు పది నిమిషాల్లో గడ్డకట్టి గొట్టం చిట్లింది. స్పేర్ ఉంది కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఆ ట్రిప్‌లో ఉప్పు లెక్క లేనట్టే. ఎవరు మూయలేదన్న వాదన మాత్రం రేవు చేరేదాకా సాగింది.

ఇక అసలు కారణం. లోతు నీటిలో పదేళ్లలో ఉప్పదనం మారేది రెండో దశాంశ స్థానంలో. ఫ్లోట్ సెన్సర్‌ని ఒకసారి వదిలాక మళ్లీ ముట్టుకోలేం, అది మెల్లగా దారి తప్పుతూ ఉండొచ్చు. కొన్ని బ్యాచుల సెన్సర్లు రెండు మూడేళ్లకే ఉప్పు ఎక్కువ చూపించడం మొదలుపెట్టాయి, అది కూడా అదే రెండో దశాంశం దగ్గర. సముద్రం మారిందా, సెన్సర్ చెడిందా? తేల్చాలంటే అదే ప్రాంతంలో ఓడ నుంచి సీసాలో పట్టిన నీళ్లు కావాలి. గాజు సీసాని అదే నీటితో మూడుసార్లు కడిగి, నింపి, బిగించి, ల్యాబ్ వేడికి అలవాటు పడేదాకా ఒక రోజు ఉంచి కొలుస్తాం. చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే నీళ్లు పట్టే ఆ పనికి ఫొటోలు ఎవరూ తీయరు. కానీ ఆ సీసాలు ఆగితే రెండు మూడేళ్లలో ఫ్లోట్ల డేటా మీద నమ్మకం కూడా సడలుతుంది.

కార్బన్ విషయంలో ఇది పెద్ద పాఠం చెప్పింది. మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో సముద్రాలు మింగేదాంట్లో దాదాపు 40 శాతం దక్షిణ మహాసముద్రానిదే అంటారు. 2014 నుంచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా సోకామ్ అనే ప్రాజెక్టు ఆక్సిజన్, నైట్రేట్, పీహెచ్ కొలిచే ఫ్లోట్లని అక్కడ వదిలింది. 2018లో వాటి చలికాలపు డేటా చూస్తే, ఆ సముద్రం చలికాలంలో కార్బన్‌ని బయటికి వదిలేది అనుకున్నదానికంటే చాలా ఎక్కువని వచ్చింది. అందరూ ఉలిక్కిపడ్డారు. 2021లో విమానాల నుంచి కొలిచిన గాలి డేటా మాత్రం, లేదు, గట్టిగానే మింగుతోంది అంది. ఫ్లోట్ కార్బన్‌ని నేరుగా కొలవదు, పీహెచ్ నుంచి లెక్కగడతారు. ఆ పీహెచ్‌లో అతి చిన్న తేడా వచ్చినా లెక్క తలకిందులవుతుంది. ఆ ఫ్లోట్లు పనికిరావని నేననను. అవి లేకపోతే చలికాలం గురించి గొడవపడటానికి కూడా ఏమీ ఉండేది కాదు. కానీ కొత్త చోటు నుంచి కొత్త పరికరం కొత్త ఫలితం తెస్తే, రెండో పద్ధతి ఏమంటుందో చూసేదాకా నేను తొందరపడను.

ఆర్కిటిక్ గురించి రెండు ముక్కలే, నేను అక్కడ పనిచేయలేదు. అక్కడ ఫ్లోట్ల కన్నా మంచుగడ్డకి బిగించి కిందకి తీగ వేలాడదీసే పరికరాలు ఎక్కువ. తీగ వెంట కొలిచే యంత్రం పైకీ కిందకీ పాకుతుంటుంది, మంచుతో పాటే అంతా కదులుతుంది. 2019 సెప్టెంబర్ నుంచి ఏడాది పాటు జర్మన్ ఓడ పోలార్‌స్టెర్న్ కావాలనే మంచులో ఇరుక్కుని కొట్టుకుపోయింది. నార్వేకి చెందిన నాన్సెన్ 1893లో ఫ్రామ్ ఓడతో చేసిన పని అదే, ఈసారి ల్యాబులతో చేశారు.

మనవాళ్ల సంగతి

మన దేశపు ఆర్గో డేటా చూసేది హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్. హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ కేంద్రం కూడా అదే. మత్స్యకారులకి చేపలు దొరికే చోటు చెప్పేదీ, సునామీ హెచ్చరిక ఇచ్చేదీ ఆ సంస్థే కాబట్టి పేరు వినే ఉంటారు. ధ్రువ యాత్రలు నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, ఎన్‌సీపీఓఆర్. దక్షిణ మహాసముద్రానికి మన మొదటి యాత్ర 2004లో సాగర్ కన్య ఓడ మీద జరిగింది. ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దగ్గర కాంగ్స్‌ఫియోర్డెన్‌లో 2014 జులైలో ఇండార్క్ అనే పరికరాల గొలుసుని 192 మీటర్ల లోతులో లంగరేశారు. ఏడాది పొడవునా, చీకట్లో కూడా కొలుస్తుంది. నా ఉద్దేశంలో మనం చేసిన తెలివైన పనుల్లో అదొకటి, ఎందుకంటే అది ఓడ మీద ఆధారపడే రోజులు తక్కువ.

లోటు కూడా చెప్పాలి. మంచులో వెళ్లగల పరిశోధన ఓడ మనకి సొంతంగా లేదు, అద్దెకి తీసుకుంటాం. 2020లో 11వ దక్షిణ మహాసముద్ర యాత్ర మారిషస్ నుంచి దక్షిణాఫ్రికా ఓడ మీద సాగింది. అద్దె ఓడలో ప్రతి గంటకీ లెక్క, వాతావరణం చెడి రెండు రోజులు పోతే ముందు కోత పడేది సీసాల పనికే. 2025 జూన్‌లో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, నార్వేకి చెందిన కాంగ్స్‌బర్గ్‌తో ధ్రువ పరిశోధన ఓడ కోసం ఒప్పందం చేసుకుంది. ఓడ నీళ్ల మీదకి వచ్చాక మాట్లాడుకుందాం.

ఒక చిన్న విన్నపం. ఆర్కిటిక్ మంచు కరిగితే విజయవాడలో వరద అనే హెడ్డింగులు నమ్మకండి. ధ్రువాలకీ మన రుతుపవనాలకీ సంబంధం మీద పరిశోధన జరుగుతోంది, ఒక సంవత్సరపు వానని దానికి ముడిపెట్టేంత దూరం ఎవరూ రాలేదు. అలాగే ఉప్పాడ తీరం కోతకి అంటార్కిటికాని తిట్టకండి, దానికి దగ్గరి కారణాలు వేరే ఉన్నాయి.

మీ ప్రొఫైల్‌లో బీఎస్సీ ఫిజిక్స్ అని ఉంది. ఆసక్తి ఉంటే దారి దూరమేం కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1950లలోనే సముద్రశాస్త్రం మొదలుపెట్టింది, మా తరంలో సగం మంది అక్కణ్నుంచే వచ్చారు. ముందుగా ఒక పని చేయండి. ఆర్గో డేటా అంతా ఉచితం, ఎవరైనా తీసుకోవచ్చు. 60 డిగ్రీల దక్షిణానికి కింద ఉన్న ఏదో ఒక ఫ్లోట్ నంబర్ ఎంచుకుని, దాని ప్రొఫైళ్లని తేదీల వరసలో గ్రాఫ్ గీయండి, అవి తీసిన చోట్లని మ్యాప్ మీద చుక్కలుగా పెట్టండి. ఏప్రిల్, మే దగ్గర ఆ చుక్కలు సరళరేఖలా మారడం కనిపిస్తే అక్కణ్నుంచి అది మంచు కింద ఉందని అర్థం. గీసి ఇక్కడ పెట్టండి, ఉప్పు సెన్సర్ దారి తప్పిందేమో కలిసి చూద్దాం.